పశువైద్యుడికి వైద్య నోబెల్

వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న తొలి పశువైద్యుడు పీటర్ డోహర్టీ. 1940 అక్టోబర్ 15న ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పుట్టారు.

1973లో కాన్‌బెరాలోని జాన్ కర్టిన్ వైద్య పరిశోధన సంస్థలో, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన రోల్ఫ్ జింకర్‌నాగెల్‌తో కలిసి మెదడు పొరల వాపు తెచ్చే ఎల్‌సీఎంవీ వైరస్‌ను ఎలుకలకు ఎక్కించారు. వాటి టీ కణాలను, అంటే వైరస్ సోకిన కణాలను చంపే రోగనిరోధక కణాలను తీసి, అదే వైరస్ సోకిన కణాలతో కలిపి చూశారు. సొంత వంశపు ఎలుక కణాలైతే చంపేశాయి. వేరే వంశానివైతే, లోపల వైరస్ ఉన్నా వదిలేశాయి! అంటే టీ కణం వైరస్ ఆనవాలును ఒక్కదాన్నే చూడదు. దాన్ని పట్టి చూపించే సొంత ఎంహెచ్‌సీ అణువుతో కలిపి గుర్తుపడుతుంది. అప్పటిదాకా అవయవ మార్పిడికి అడ్డుపడేవిగానే పేరుపడ్డ ఈ అణువుల అసలు పని అలా బయటపడింది. చాలామంది తడబడేది ఇక్కడే: ఎంహెచ్‌సీతో కలిపే గుర్తుపట్టాలన్న షరతు టీ కణాలకే, యాంటీబాడీలకు లేదు.

1974లో ‘నేచర్’లో ప్రచురణ, 1995లో లాస్కర్ పురస్కారం, 1996లో ఇద్దరికీ నోబెల్. మెల్‌బోర్న్‌లో డోహర్టీ పేరిట అంటువ్యాధులు, రోగనిరోధక శక్తిపై పరిశోధన సంస్థ ఉంది.