కోసి ఎన్నాళ్లయింది?

ఆఫీసు నుంచి ఏడింటికి ఇల్లు చేరి, ఫ్రీజర్‌లోంచి బఠాణీ ప్యాకెట్ తీస్తూ 'పిల్లలకు నిల్వ సరుకు పెడుతున్నానే' అని నొచ్చుకునేవాళ్లు చాలామంది. ఆ బాధ ఇవాళ్టితో వదిలేయండి. తాజాదా, గడ్డకట్టిందా అన్నది తర్వాత. ముందు అడగాల్సింది, కోసి ఎన్నాళ్లయిందని.

కోసినా కాయ ఊపిరి తీస్తూనే ఉంటుంది. తనలోని చక్కెరనూ విటమిన్ సి నీ తానే ఖర్చుపెట్టుకుంటుంది. తీయటి పచ్చి బఠాణీ రెండు మూడు రోజులకే పిండిగా అనిపించేది అందుకే. పాలకూర మరీ సున్నితం, ఎండలో బండి మీద ఉన్నంతసేపూ విటమిన్ సి తరిగిపోతూనే ఉంటుంది. ఆదివారం కొన్న కట్ట వాడిపోయి గురువారం పొయ్యెక్కితే అందులో మిగిలేదెంత?

ప్యాకెట్ బఠాణీ సంగతి వేరు. ఫ్యాక్టరీలో గింజల్ని కోసిన కొద్ది గంటలకే మరిగే నీళ్లలోనో ఆవిరిలోనో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, వెంటనే చల్లార్చి, మైనస్ 18 డిగ్రీలకో అంతకన్నా దిగువకో గడ్డకట్టిస్తారు. ఆ వేడికి విటమిన్ సి, ఫోలేట్ కొంత పోతాయి, నిజమే. అయితే కాయను పాడుచేసే ఎంజైములు కూడా అక్కడే ఆగిపోతాయి కాబట్టి ఆ తర్వాత నష్టం నెమ్మదిస్తుంది. 2015లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎనిమిది రకాల పండ్లు, కూరగాయల్లో తాజావాటినీ గడ్డకట్టినవాటినీ పోల్చి చూశారు. ఐదింటిలో విటమిన్ సి దాదాపు సమానం, మూడింటిలో గడ్డకట్టిన వాటిలోనే ఎక్కువ. బీటా కెరోటిన్ మాత్రం కొన్నింటిలో బాగా తగ్గింది. అందుకే క్యారెట్ తాజాగానే కొనండి, ఏడాది పొడుగునా దొరుకుతుంది కదా. పెరట్లో కోసి అప్పుడే వండిన తోటకూరకైతే సాటే లేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆకుకూరలతో కలిపి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటోంది. మనలో ఎంతమంది తింటున్నాం? మంచి కూర దొరకలేదని పచ్చడి మెతుకులతో రాత్రి భోజనం కానిచ్చేసేకన్నా, ఫ్రీజర్‌లోని బీన్స్ వేయించుకోవడం వెయ్యి రెట్లు నయం. అమెరికాలో ఉన్న మనవాళ్లు గోరుచిక్కుడు, బెండ ముక్కలు అలాగే వండుకుంటున్నారు. వాళ్లు సంకోచించాల్సిన పనే లేదు.

ఇంకా మంచిది, మీరే నిల్వ చేసుకోవడం. జనవరిలో రైతుబజారులో బఠాణీ చవగ్గా ఉన్నప్పుడు నాలుగు కిలోలు తెచ్చి, ఇంటిల్లిపాదీ కూర్చుని వలవండి. మరుగుతున్న నీళ్లలో రెండు నిమిషాలు వేసి తీసి, ఐసు నీళ్లలో ముంచండి. బట్ట మీద తడి ఆరనిచ్చి, పళ్లెంలో ఒక్క వరసగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టండి. గట్టిపడ్డాక సంచుల్లోకి ఎత్తండి. తడి ఆరకుండా పోసేశారో, అంతా ఒకే ముద్ద అవుతుంది.

దుకాణంలో ప్యాకెట్‌ను చేత్తో తడిమి చూడండి. గింజలు విడివిడిగా జారుతుంటే తీసుకోండి. ఒకే గడ్డగా ఉంటే మధ్యలో ఎక్కడో కరిగి మళ్లీ గట్టిపడి ఉండొచ్చు, వదిలేయండి. వండేటప్పుడు కరగబెట్టి ఆ నీళ్లు పారబోయకండి, నేరుగా పోపులో వేయండి. సగం ఉడికినవే కనుక తొందరగా అయిపోతాయి. కరెంటు పోయి ప్యాకెట్ మెత్తబడిందా? చల్లదనం ఉండగానే వండేయండి.