కష్టం వేరు, గందరగోళం వేరు: ఆరు గంపల ఆట నేర్పిన పాఠం



"ఇవాళ స్కూల్లో ఏం చేశారు?" అని మీరు అడిగినప్పుడు, మా ఎనిమిదో తరగతి పిల్లలు పోయిన నెలలో ఒక రోజు "గంపల్లోకి ప్లేట్లు విసిరినం" అని చెప్పే ఉంటారు. ఇద్దరు ముగ్గురు తల్లులు నాకు ఫోన్ చేసి, "ఇంగ్లిష్ పీరియడ్‌లో ప్లేట్లు విసరడమేంటి మేడం?" అని అడిగారు కూడా. అడగాల్సిన ప్రశ్నే. ఈ నెల పాఠంలో దానికి జవాబు చెబుతాను.

ఈ పాఠం ఎందుకు?

ఇంగ్లిష్‌లో పిల్లలకు డిబేట్ నేర్పాలి. మామూలుగా ఇచ్చే అంశాలు మీకూ తెలిసినవే: మొబైల్ మంచిదా చెడ్డదా, పరీక్షలు ఉండాలా వద్దా. పిల్లలు గైడులోంచో ఫోన్లోంచో ఐదు పాయింట్లు రాసుకొని, బట్టీ పట్టి అప్పజెబుతారు. భాష తప్పుల్లేకుండా వస్తుంది కానీ అందులో వాళ్ల ఆలోచన ఉండదు. అందుకే ఎక్కడా కాపీ కొట్టడానికి దొరకని అంశం కోసం వెతికాను. పిల్లలు తమ చేత్తో తయారుచేసినదాని మీదే వాదించుకుంటే బాగుంటుందనిపించింది. అలా డిస్క్ గోల్ఫ్‌ను ఎంచుకున్నాను.

డిస్క్ గోల్ఫ్ అంటే ఏమిటి?

గోల్ఫ్‌లో బంతిని కర్రతో కొట్టి గుంతలో వేస్తారు. ఇందులో బంతికి బదులు అరచేతి కంటే పెద్దదైన డిస్క్ ఉంటుంది, గుంతకు బదులు స్తంభానికి బిగించిన ఇనుప బుట్ట ఉంటుంది. బుట్ట పైన గొలుసులు వేలాడుతుంటాయి. డిస్క్ వాటికి తగిలి, వేగం తగ్గి, బుట్టలో పడుతుంది. మొదటి విసురు ఎక్కడ పడిందో అక్కడి నుంచే రెండో విసురు వేయాలి. తక్కువ విసుర్లలో అన్ని బుట్టలూ పూర్తిచేసినవారే విజేత. పూర్తి కోర్సులో సాధారణంగా 18 బుట్టలు, చిన్న కోర్సులో 9 ఉంటాయి.

ఈ ఆటకు మొదటి శాశ్వత కోర్సు 1975లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఓక్ గ్రోవ్ పార్కులో వచ్చింది. దాన్ని రూపొందించింది ఎడ్ హెడ్రిక్. మొదట్లో అక్కడ బుట్టలు లేవు, నిలబెట్టిన స్తంభాలకు గురిచూసి విసిరేవారు. డిస్క్ తగిలిందా లేదా అని గొడవలు వచ్చేవట! గొలుసుల బుట్టను తయారుచేసింది కూడా ఆయనే. ఇప్పుడు ప్రపంచంలో వేల కోర్సులున్నాయి. చాలావరకు పార్కుల్లో, చెట్ల మధ్య ఉంటాయి. అందుకే ఆటగాళ్లు ఒక కోర్సును అంచనా వేసేటప్పుడు ముఖ్యంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఒకటి: ఆట బాగుందా? రెండు: కొత్తగా వచ్చినవాళ్లకు తర్వాతి బుట్ట దగ్గరికి దారి తెలుస్తుందా? మంచి కోర్సులో ప్రతి బుట్టకూ విసిరే చోట ఒక బోర్డు ఉంటుంది. దాని మీద బుట్ట నంబరు, దూరం, చిన్న పటం ఉంటాయి. తర్వాత ఎటు వెళ్లాలో బాణం గుర్తు కూడా ఉంటుంది.

మా ఆరు గంపల కోర్సు

ప్రిన్సిపల్ గారి అనుమతితో స్కూలు వెనక ఉన్న ఖాళీ జాగాలో 'ఎ' సెక్షన్ పిల్లలు కోర్సు తయారుచేశారు. మన వైపు నేల ఎలా ఉంటుందో మీకు తెలుసు. రెండు పెద్ద బండలు, మూడు వేపచెట్లు, కొంత తుమ్మ పొద. ఆయమ్మ రెండు వెదురు గంపలు ఇచ్చింది. మూడు బకెట్లు దొరికాయి. ఆరోదిగా ఒక పాత స్కూటర్ టైరును వేపకొమ్మకు కట్టారు. ఫ్యాన్సీ షాపులో కొన్న ప్లాస్టిక్ డిస్కులతో 'బి' సెక్షన్ పిల్లలు వచ్చి ఆడాలి.

తయారుచేసిన పిల్లలు ముందుగా ఆడి చూసుకున్నారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. తర్వాత 'బి' సెక్షన్ వచ్చింది. మూడో గంప దాకా బాగానే నడిచింది. ఆ తర్వాత సగం మంది నాలుగోది వదిలేసి టైరు వైపు పోయారు. ఇంకొందరు బండ చుట్టూ తిరిగి మళ్లీ రెండో గంప దగ్గరికే వచ్చారు. "గంప కనిపిస్తలేదు మేడం, ఏ దిక్కు పోవాలె?" అని ఒకటే అరుపులు. ఒక అమ్మాయి డిస్క్ పట్టుకొని ఒంటరిగా తుమ్మ పొద దాకా వెళ్లిపోయింది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయి ఈ ఏడాదే పల్లెటూరి తెలుగు మీడియం బడి నుంచి మా దగ్గర చేరింది. తరగతిలో పెద్దగా మాట్లాడదు.

డిబేట్ ఎలా జరిగింది?

మర్నాటి అంశం: "మా కోర్సు మంచి కోర్సు." తయారుచేసినవాళ్లు అవునన్నారు, ఆడినవాళ్లు కాదన్నారు. ఒకే ఒక నియమం పెట్టాను: "బాగుంది", "బాగాలేదు" అనే మాటలు ఒంటరిగా వాడకూడదు, వెనకాల కారణం ఉండాలి.

అనుకూలంగా మాట్లాడినవాళ్లు మంచి కారణాలే చెప్పారు. ఒక్కో గంపకు ఒక్కో రకం విసురు కావాలి. బండ అడ్డం ఉన్నచోట డిస్క్‌ను వంపు తిప్పాలి. సగం ఆట నీడలో సాగుతుంది. ఇవన్నీ నిజమే. వ్యతిరేకంగా మాట్లాడినవాళ్లు తాము దారి తప్పిన చోట్లన్నీ బోర్డు మీద గీసి చూపించారు. అప్పుడు 'ఎ' సెక్షన్ లీడర్ లేచి, "వాళ్లు సరిగ్గా చూడలేదు మేడం. మాకైతే అన్నీ కనిపించినయి. తప్పు కోర్సుది కాదు" అన్నాడు.

తరగతి కాసేపు నిశ్శబ్దమైంది. అప్పుడు తుమ్మ పొద దాకా వెళ్లిన ఆ అమ్మాయి చెయ్యెత్తింది. ఇంగ్లిష్‌లో మొదలుపెట్టి, మాట దొరక్క, తెలుగులోనే అనేసింది: "తెలిసినోళ్లకు బాణం గుర్తెందుకు మేడం? తెల్వనోళ్ల కోసమే కదా పెట్టేది."

ఆ రోజు డిబేట్‌లో అంతకన్నా బలమైన వాదన రాలేదు. ఆ వాక్యాన్ని తరగతంతా కలిసి ఇంగ్లిష్‌లోకి మార్చి బోర్డు మీద రాశాం.

'ఎ' సెక్షన్ నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది: "అన్నిచోట్లా గుర్తులు పెడితే ఆటలో మజా ఏముంటది?" ఇదీ ఆలోచించాల్సిన మాటే. చివరికి పిల్లలే తేల్చారు. బండ మీదుగా విసరడం కష్టం, ఆ కష్టం ఉండాలి, ఆట అంటేనే అది. గంప ఎటుందో తెలియకపోవడం గందరగోళం, దానివల్ల ఎవరికీ నైపుణ్యం రాదు. గంపల్ని కదపకుండా, బండల మీద సుద్దతో నంబర్లు, బాణాలు వేశారు. తర్వాత 'సి' సెక్షన్ ఆడింది. విసుర్లు ఎప్పటిలాగే తప్పాయి కానీ దారి ఎవరూ అడగలేదు.

నాకు తగిలిన మాట

"మాకైతే అన్నీ కనిపించినయి" అన్న ఆ అబ్బాయి మాట నాదే అనిపించింది. యూనిట్ టెస్టులో రిపోర్టెడ్ స్పీచ్ ప్రశ్నకు చాలామందికి మార్కులు తగ్గినప్పుడు, స్టాఫ్ రూమ్‌లో నేనూ అలాగే అన్నాను: "ఎన్నిసార్లు చెప్పాను, పిల్లలే సరిగ్గా వినలేదు." ఆ సాయంత్రం పేపర్లు మళ్లీ తీసి చూశాను. చాలామంది తప్పు రాసింది గ్రామర్‌లో కాదు. ప్రశ్న ఏం చేయమంటోందో వాళ్లకు అర్థం కాలేదు. దారి నాకు తెలుసు కాబట్టి, బాణం గుర్తు లేదన్న సంగతే నాకు కనిపించలేదు. మరుసటి వారం ఆ పాఠాన్ని మళ్లీ చెప్పాను, ఈసారి ప్రశ్నను ఎలా చదవాలన్న దగ్గర మొదలుపెట్టి.

ఇంట్లో మీరు చేయగలిగినది

పిల్లలు హోంవర్క్ ముందు కూర్చొని "నాకు రాదు" అన్నప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "చేయడం కష్టంగా ఉందా, ఏం చేయాలో తెలియడం లేదా?" మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఈ ప్రశ్న అడగవచ్చు.

కష్టంగా ఉందంటే పక్కన కూర్చోండి, ఇంకోసారి ప్రయత్నించనివ్వండి. వెంటనే జవాబు చెప్పకండి. ఏం చేయాలో తెలియడం లేదంటే ప్రశ్నను తన మాటల్లో, తెలుగులోనైనా సరే, చెప్పమనండి. అప్పటికీ తెలియకపోతే డైరీలో ఆ ప్రశ్న నంబరు రాసి పంపండి. అది ఫిర్యాదు అవుతుందని మొహమాటపడకండి. బాణం ఎక్కడ గీయాలో మాకు తెలిసేది అలాగే.

ఆదివారం పని

ఈ సెలవులో పిల్లలతో ఎక్కడికైనా వెళ్తే ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు రాసుకురమ్మనండి.

1. ఈ చోటులో అన్నిటికంటే బాగున్నది ఏమిటి? ఎందుకు?
2. ఎవరినీ అడగకుండా ఎంతవరకు వెళ్లగలిగాం?
3. ఎక్కడ ఆగి, ఎటు వెళ్లాలా అని ఆలోచించాం?
4. బోర్డులు ఏ భాషలో ఉన్నాయి? నానమ్మ చదవగలదా?
5. ఒక్క బోర్డు కొత్తగా పెట్టమంటే ఎక్కడ పెడతావు? దాని మీద ఏం రాస్తావు?

మహబూబ్‌నగర్ వాళ్లకు అప్పన్నపల్లి దగ్గర రెండు వేల ఎకరాలకు పైగా ఉన్న ఎకో పార్కు మంచి పరీక్ష. అంత పెద్ద చోట దారి తెలియడమే సగం పని. నల్లగొండ వాళ్లు పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లవచ్చు. గర్భగుడిలో పడే నీడను చూడటానికి ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పకుండానే తెలిసిందా? భువనగిరి కోట ఎక్కేవాళ్లు ఒక సంగతి గమనించండి: అది ఒకే బండతో అయిన గుట్ట, ఎత్తు ఐదు వందల అడుగుల పైమాటే. ఎక్కడం కష్టం సరే, దారిలో గందరగోళం ఉందా?

పిల్లలమర్రికి వెళ్లేవాళ్లకు కాస్త కఠినమైన ప్రశ్న. 2017 డిసెంబరులో అక్కడ పెద్ద కొమ్మ విరిగిపడ్డాక సందర్శకులను ఆపి, చెట్టుకు చికిత్స చేశారు. చూడటానికి వచ్చినవాళ్లను ఆపితే ఆ చోటు విలువ తగ్గుతుందా, పెరుగుతుందా? రెండు వైపులా వాదించమనండి.

ఈ నెల మాటలు

నావిగేట్: దారి కనుక్కుంటూ వెళ్లడం. ఛాలెంజింగ్: కష్టమైనదే, కానీ ప్రయత్నించాలనిపించేది. కన్ఫ్యూజింగ్: ఏం చేయాలో తెలియనివ్వనిది. చివరి రెండు మాటలను ఇంట్లో రోజూ వాడమనండి: "ఈ లెక్క ఛాలెంజింగా, కన్ఫ్యూజింగా?"

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు స్కూలు వెనక జాగా చూసి వెళ్లండి. గంపలు అక్కడే ఉంటాయి. గేటు దగ్గర్నుంచి మొదటి గంప దాకా ఎవరినీ అడగకుండా రాగలిగితే మా పిల్లలకు చెప్పండి. రాలేకపోతే తప్పకుండా చెప్పండి.