అటక దించునప్పుడు

ఇల్లంతయు ఒక్కనాడే సర్దవలెనని పూనుకొనినవారు సాయంకాలమునకు అలసిపోయి, దించిన సామానునే మరల అటకమీదికి ఎక్కించుచుందురు. దినమునకు ఒక గూడు, లేదా ఒక పెట్టె చాలును. ఏడాదిగా చేయి తగలని గిన్నె, పిల్లవానికి పొట్టియైన చొక్కాయి మరియొక ఇంట అక్కరకు వచ్చును. అట్టివానిని బాగుండగనే ఈయవలెను. చిరిగినదానిని ఇచ్చుట, నిజమునకు, చెత్తను పొరుగింటికి చేరవేయుటయే.

కాగితముల విషయమున తొందర కూడదు. దస్తావేజులు, పన్ను రసీదులు పాత కట్టలలోనే దాగియుండును. చదువుకొనినవారు ఒకరు ఒక్కొక్కటి విప్పిచూచిన పిమ్మటనే తక్కినవి అమ్మవలెను.

తాటాకుల కట్ట కనబడినచో, లిపి తెలియకున్నను పారవేయరాదు. పాల్కురికి సోమనాథుని కృతులు అచ్చుకాకమునుపు శతాబ్దులపాటు తాటాకులమీదనే నిలిచినవి. త్రాడు తెంపినచో ఆకుల వరుస చెదరును. కట్టను కట్టగనే పొడిగుడ్డలో చుట్టి, హైదరాబాదులోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయమునకో, తిరుపతిలోని ప్రాచ్య పరిశోధన సంస్థకో చూపవలెను.

ఇక ఇంటి ముసలమ్మ పెట్టె. ఆమె లేని సమయమున దానిని తెరువరాదు. అందులో తుక్కుగా తోచినది ఆమె భర్త కండ్లజోడు కావచ్చును. ఆమెయే కూర్చుండి తీసి ఈయగా, తక్కినవారు అందుకొనవలెను.