సెల్లార్ బాత్రూమ్ బాగుచేయిస్తున్నారా? తగ్గించాల్సింది టైల్స్ ఖర్చే

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో పాత అపార్ట్‌మెంట్. సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం వాడుకునే బాత్రూమ్ పూర్తిగా పాడైంది. నీళ్లు పోవడం లేదు, గోడలన్నీ చెమ్మ, వైరింగ్ పాతది. లక్ష రూపాయల్లో బాగుచేయించాలని అసోసియేషన్ అనుకుంటోంది. తెలిసిన మేస్త్రీ రోజుకూలీ మీద చేస్తానంటున్నాడు. పక్కనున్న మురుగు గుంటలోకి కూడా తన మనుషులే దిగి శుభ్రం చేస్తారట. చట్టం ప్రకారం మేం ఏం చూసుకోవాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు ఆ గుంట సంగతి. అందులోకి ఏ మనిషినీ దించకండి.

సెల్లార్ సాధారణంగా వీధి డ్రైనేజీ లైను కన్నా కిందికి ఉంటుంది. అందుకే అక్కడి మురుగును ఒక గుంటలోకి చేర్చి, మోటారుతో పైకి తోడాల్సి వస్తుంది. మూత వేసి వదిలేసిన గుంటలో హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ లాంటి వాయువులు పేరుకుంటాయి. దిగినవాడు కేక వేసే వ్యవధి కూడా లేకుండా పడిపోవచ్చు. అతణ్ణి కాపాడాలని దిగిన రెండోవాడూ అలాగే పోతాడు. ఇలాంటి చావుల గురించి చదివిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది: మురుగు తోడే ట్యాంకర్‌ను పిలిచి ఉంటే ఆ మనిషి బతికేవాడు కదా!

రక్షణ సామగ్రి, తగిన పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనుషుల చేత సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువలు శుభ్రం చేయించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజర్ల చట్టం 7వ సెక్షన్ నిషేధించింది. మొదటిసారి తప్పు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే అయిదేళ్లు, 5 లక్షల దాకా పెరుగుతాయి. ఇది బెయిలు ఇవ్వదగిన నేరం కాదు. ఇది మున్సిపాలిటీలకే వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. పనికి పెట్టుకున్న ఎవరికైనా వర్తిస్తుంది, అసోసియేషన్ పెద్దలతో సహా. ‘దించింది మేస్త్రీ, మాకేం తెలుసు’ అంటే చెల్లుతుందని నమ్ముకోవద్దు. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం అందేలా చూడాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. ట్యాంకర్ కోసం 14420కి ఫోన్ చేయండి. లక్ష రూపాయల లెక్కలో మొదటి పద్దు అదే కావాలి.

ఇక మేస్త్రీతో ఒప్పందం. రోజుకూలీ చౌక అనిపిస్తుంది కానీ, పని చెడితే మీ చేతిలో ఏమీ మిగలదు. మీరే సామాను తెచ్చి, మీరే దగ్గరుండి ఎలా చేయాలో చెబుతూ కూలీ ఇస్తే, అది వ్యక్తిగత సేవ అనే వాదన వస్తుంది. వ్యక్తిగత సేవను వినియోగదారుల చట్టం తన పరిధి నుంచి తప్పించింది. అదే ‘ఈ పని ఇంత మొత్తానికి పూర్తిచేసి అప్పగిస్తాను’ అని గుత్తకు తీసుకుంటే అతను సేవ అందించేవాడు, మీరు వినియోగదారులు. ఈ తేడాను సుప్రీంకోర్టు 1995లోనే డాక్టర్ల కేసులో, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత తీర్పులో, స్పష్టం చేసింది. కాబట్టి గుత్తకే ఇవ్వండి.

కాగితం ఒక పేజీ చాలు. అసోసియేషన్ తీర్మానం చేసి, అసోసియేషన్ పేరుతోనే రాయించండి. నేల వాటం జాలీ వైపే ఉండాలనీ, వాటర్‌ప్రూఫింగ్ చేశాక నీళ్లు నిలబెట్టి చూపించాకే టైల్స్ వేయాలనీ, లీకు వస్తే ఎన్నాళ్ల వరకు ఉచితంగా సరిచేయాలో కూడా అందులో ఉండాలి. డబ్బు పని జరిగిన కొద్దీ ఇవ్వండి, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో. చివరి వాయిదా నీళ్ల పరీక్ష అయ్యాకే. గోడ పగలగొట్టినప్పుడు, పైపు వేసినప్పుడు, మూసేసే ముందు ఫొటోలు తీయండి. టైల్స్ కింద ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం తర్వాత ఇంకేదీ ఉండదు.

సామాను కొన్నప్పుడు బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడమే 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బోర్డు పెట్టినా, పగిలిన కమోడ్‌నో కారే కుళాయినో బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోవాల్సిందే.

పొదుపు చేయాలంటే గోడంతా టైల్స్ మానేసి నాలుగడుగుల ఎత్తు వరకే వేయించండి. రంగురంగుల డిజైన్లు వద్దు. కానీ చెమ్మ గోడల మధ్య ఆ పాత వైరింగ్‌ను వదిలేయొద్దు. కొత్త వైర్లు, ఎర్తింగ్, షాక్ కొట్టగానే కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి. అక్కడ స్నానం చేసేది ఒక కుటుంబం, అందులో పిల్లలు కూడా ఉండొచ్చు.

అన్నీ చేసినా పని చెడితే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు అయితే ఫీజు లేదు. లాయరు లేకుండానే వాదించుకోవచ్చు. మేస్త్రీ వేరే జిల్లావాడైనా మీ జిల్లాలోనే కేసు వేయవచ్చు. వివాదానికి కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గానీ, దాని మీద ఆధారపడకండి.

ఒప్పందం మిమ్మల్నే కాపాడుతుందనుకోవద్దు. చెప్పిన పని చేసిన మేస్త్రీకి చెప్పిన డబ్బు ఇవ్వాల్సిన బాధ్యత అసోసియేషన్‌ది. కూలి ఎగ్గొట్టినా, పనిలో దెబ్బ తగిలినా కార్మికులు న్యాయ సేవల సంస్థ నుంచి ఉచిత సలహా, లాయరు సాయం పొందవచ్చు. దాని నంబరు 15100. ఆ నంబరు మీ సెల్లార్ గోడ మీద కూడా రాయించండి, మీ వాచ్‌మన్‌కు అదేమిటో చెప్పండి.