కల్లు – కళ్ళు

ఏడో తరగతిలో సెలవు చీటీలో "నా కల్లు ఎర్రబడ్డాయి" అని రాశాను. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాదంతా తెలుగు నోటుబుక్కు ఎవరికీ చూపలేదు. ఇంట్లో దిద్దేందుకు అమ్మానాన్నలకు చదువు రాదు.

అందుకే ఇప్పుడు స్టడీ అవర్‌లో తమ్ముళ్ళకు చెప్పేటప్పుడు ఎర్రపెన్ను పక్కనపెట్టి, ముందు అర్థం అడుగుతాను. తాటిచెట్టు నుంచి వచ్చేది కల్లు. కన్నుకు బహువచనం కళ్ళు. కాలు–కాళ్ళు, ఇల్లు–ఇళ్ళు, ఊరు–ఊళ్ళు అని బోర్డు మీద రాస్తే 'ళ్ళు' ఎక్కడొస్తుందో వాళ్ళే పట్టేస్తారు.

అప్పుడు 'పన్ను' ఇస్తాను. నోట్లోదైతే పళ్ళు, ప్రభుత్వానికి కట్టేదైతే పన్నులు. అర్థం తెలియనిదే బహువచనం రాయలేం. పండుకూ పళ్ళే మరి! మొన్న ఆరో తరగతి తమ్ముడొకడు రాశాడు: "పళ్ళతో పళ్ళు కొరికాను." ఒక్క తప్పూ లేదు.