ఇంటి సోలారుకు కరెంటు విడదీయు స్విచ్చు

మన షోలాపూరు తూర్పు పేటలలో కొంతకాలముగా మేడల మీద సోలార్ పలకలు కానవచ్చుచున్నవి. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. సూర్యఘర్ పథకము క్రింద 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు గాని అంతకు మించినదానికి గాని 78,000 రూపాయల సహాయము నిర్ణయించిరి. సంఘమునకు వచ్చు సభ్యులు ఈ లెక్కలను మాకంటె బాగుగా చెప్పుచున్నారు. బిల్లు ఎంత తగ్గును, పలకలకు ఎన్నేండ్ల గ్యారంటీ అని అడుగుచున్నారు. కాని కరెంటు విడదీయు స్విచ్చు ఎక్కడ పెట్టించవలెనని అడిగినవారు బహు తక్కువ. ఈ వ్యాసము ఆ ఒక్క ప్రశ్నను గురించియే.

ఇంతవరకు కరెంటుకు ఒకే దారి. స్తంభము నుండి మీటరుకు, మీటరు నుండి ఇంటిలోనికి. సోలారు పెట్టిన ఇంట పగటిపూట మిగిలిన కరెంటు వెనుకకు, అనగా గల్లీ తీగలలోనికి పోవును. గల్లీలో తీగ తెగినదనుకొనుడు. మహావితరణ్ వైర్‌మన్ వచ్చి, డి.పి. వద్ద సప్లయి ఆపి స్తంభమెక్కును. తీగ చచ్చినదని అతని నమ్మకము. ఏదో ఒక ఇంటి నుండి కరెంటు ఎదురు వచ్చుచున్నచో ఆ తీగ బ్రతికియే యుండును. ఇంకొక సంగతి కూడ కలదు. మనము డి.పి. అని పిలుచుకొను ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను మన ఇంటికి పనికివచ్చు 230కి దించుచున్నది. అదే యంత్రమునకు 230 వోల్టులను ఈవలి ప్రక్క నుండి ఎక్కించినచో ఆవలి ప్రక్క 11,000గా వెడలును. కనుక అపాయము మన గల్లీతో ఆగదు.

ఇన్వర్టరు తనంతట తానే ఆగును గదా, మరల స్విచ్చు ఖర్చెందుకని కొందరనెదరు. మాట నిజమే. లైనులో కరెంటు పోయిన 2 సెకండ్లలో ఇన్వర్టరు విడివడవలెను. తిరిగి వచ్చిన పిమ్మట 60 సెకండ్లు నిలకడగా ఉండిన గాని కలియరాదు. ఇది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013లో చేసిన నియమము. అమెరికాలో కొన్ని విద్యుత్ సంస్థలు ఈ కారణము చేతనే చిన్న ఇండ్లకు వేరు స్విచ్చు అక్కరలేదని వదలివేసినవి. అయినను మన సాంచలను చూడుడు. పేక తెగినచో సాంచ తనంతట ఆగుటకు ఫోర్కు ఉన్నది. ఫోర్కు ఉన్నది గదా అని, హ్యాండిలు దించకుండ అచ్చులో చేయి పెట్టు నేతగాడెవ్వడు? స్తంభము మీది మనిషికి మన ఇన్వర్టరు లోపలి సంగతి కనబడదు. విడివడిన స్విచ్చు కంటికి కనబడును.

అందుచేతనే ఆ 2013 నియమములలో ఈ స్విచ్చుకు కొన్ని లక్షణములు చెప్పిరి. చేతితో త్రిప్పునదై యుండవలెను. విడివడినది కంటికి తెలియవలెను. విడదీసిన స్థితిలో తాళము వేయుటకు వీలుండవలెను. విద్యుత్ సిబ్బంది రాత్రింబవళ్లు 24 గంటలు, ఇంటివారి అనుమతి కొరకు ఆగకుండ దానిని అందుకొనగలుగవలెను.

కష్టమంతయు ఈ చివరి మాటలోనే ఉన్నది. కంట్రాక్టరు తీగ ఆదా చేయుటకై స్విచ్చును మేడమీద ఇన్వర్టరు ప్రక్కనే బిగించి పోవును. మేడమెట్ల తలుపునకు తాళము. తాళపుచెవి యజమాని జేబులో. యజమాని చద్దర్ల పేటీలతో బజారునకు పోయినాడు. ఇంట బీడీలు చుట్టుకొను ముసలమ్మ తప్ప మరెవ్వరు లేరు. అట్టి స్విచ్చు ఉన్నను లేనట్టే. వీధి ప్రక్క మీటరు వద్దనే పెట్టింపుడు. నాలుగు మీటర్ల తీగ ఎక్కువ పట్టినచో పట్టనిండు.

మన ఇండ్లలో క్రింద కార్ఖానా, పైన సంసారము. నూలు, దూది దుమ్ము ఎల్లవేళల ఉండును. 2025 మే 18న అక్కలకోట రోడ్డు ఎం.ఐ.డి.సి.లో ఒక తువాళ్ల కార్ఖానా కాలి 8 మంది చనిపోయిరి. యజమాని కుటుంబము అక్కడనే నివసించుచుండెను. ఆ ప్రమాదమునకు సోలారు కారణమని మేము చెప్పుట లేదు. నీళ్ల గొట్టముతో లోనికి వచ్చువారికి కరెంటు ఎక్కడ ఆపవలెనో వీధిలోనే తెలియవలెనని మాత్రము చెప్పుచున్నాము.

ఆపుటలో ఒక వరుస కలదు. ఈ విడదీయు స్విచ్చు, కరెంటు పారుచుండగా తెంచుటకు చేసినదే కానక్కరలేదని నియమమే చెప్పుచున్నది. బరువు మీద లాగినచో నిప్పు లేవవచ్చును. ముందు ఎ.సి. బ్రేకరు దించి, తరువాత దీనిని విడదీయవలెను. ఆపైన ఇన్వర్టరు వద్ద డి.సి. స్విచ్చు. ఇన్వర్టరు మూత తీయువాడు దానిపై వ్రాసినంత సేపు, సాధారణముగా 5 నిమిషములు, ఆగవలెను.

ఇన్ని ఆపినను ఎండ ఉన్నంతసేపు పలకల నుండి డి.సి. స్విచ్చు వరకు తీగ బ్రతికియే యుండును. 3 కిలోవాట్ల ఇంట 6 పలకలు వరుసగా కలిపినచో సుమారు 300 వోల్టులు. మన లైను కరెంటు సెకండుకు 100 సార్లు సున్నకు వచ్చును గనుక నిప్పు త్వరగా ఆరును. డి.సి. కరెంటు సున్నకు రాదు. నిప్పు సాగుచునే యుండును. కావున బజారులో చవకగా దొరకు ఎ.సి. స్విచ్చును డి.సి. వైపు పెట్టనీయకుడు. మేడ మీద బట్టలారవేయు ఆడవారికి, గాలిపటములెగరవేయు పిల్లలకు ఆ తీగల కలుపులను ముట్టరాదని చెప్పి ఉంచుడు.

బ్యాటరీ కూడ పెట్టుకొన్నవారి ఇంట లైను పోయినను దీపములు వెలుగుచుండును. ఆ కరెంటు వీధిలోనికి పోకుండ తనంతట విడివడు స్విచ్చు, చేతితో విడదీయునది, రెండును ఉండవలెనని మహారాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషను 2019 నియమములు కోరుచున్నవి. జనరేటరు గలవారు దానికి చేంజోవర్ స్విచ్చు లేకుండ ప్లగ్గులో తీగ గుచ్చి నడపుట వెంటనే మానవలెను. సోలారు ఇన్వర్టరయినను తానాగును, జనరేటరు ఆగదు.

మహావితరణ్ వారు పరీక్షకు వచ్చిన నాడు స్విచ్చును వారిచేతనే ఒకసారి త్రిప్పించి చూడుడు. దాని మీద “సోలార్ స్విచ్చు” అని తెలుగుతోపాటు మరాఠీలోను వ్రాయింపుడు. ఇంటివారు తెలుగు చదువుదురు. స్తంభమెక్కువాడు మరాఠీ చదువును.