శేషాచల మార్గం

తిరుమల కొండకు ఏడాది పొడవునా లక్షలాది జనం వాహనాలలో వెళ్ళివస్తుంటారు. వారిలో అత్యధికులకు ఆ ప్రయాణమంటే స్వామి సన్నిధికి చేరుకోవడమే. దారి పొడవునా తాము ఒక జాతీయ ఉద్యానవనం గుండా సాగుతున్నామన్న సంగతి వారికి స్ఫురించదు. శేషాచల పర్వతశ్రేణిలో సుమారు 353 చదరపు కిలోమీటర్ల అరణ్యాన్ని 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 2010లో శేషాచలం ఆంధ్రప్రదేశ్‌లో తొలి జీవావరణ పరిరక్షణ ప్రాంతమైంది. మన ప్రబంధాలలో ఉద్యానమంటే రాజులు పెంచుకున్న పూలతోట. ఇది ఎవరూ నాటినది కాదు, ఎవరూ నీరు పోసినది కాదు. అయినా మాట స్థిరపడిపోయింది.

కొండకు రెండు కనుమదారులున్నాయి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో రూపుదిద్దుకున్న మొదటి దారి 1944లో, రెండవది 1974లో వాడుకలోకి వచ్చాయి. ఎక్కే వాహనాలు రెండవ దారిన, దిగేవి మొదటి దారిన నడుస్తాయి. అలిపిరి తనిఖీ కేంద్రం దాటగానే ఎండిన మైదానం వెనుకబడి, ఎర్రని కొండచరియలు ఎదురవుతాయి.

ఈ మార్గంలో మొదట చూడవలసింది రాయి. కొండను తొలిచి బాట వేసినచోట అడుగున గ్రానైటు, దానిపై పొరలు పొరలుగా క్వార్ట్జైటు, రెండింటి నడుమ ఒక సన్నని గీత కనిపిస్తాయి. ఆ గీతకు దిగువనున్న శిలకూ ఎగువనున్న శిలకూ వయస్సులో తేడా సుమారు 80 కోట్ల సంవత్సరాలు. పాత శిల యుగాల తరబడి ఎండకూ వానకూ అరిగిపోయింది. పిమ్మట దానిపై సముద్రం ఆవరించి ఇసుకను పేర్చింది. ఆ ఇసుకే గట్టిపడి నేటి కొండశిఖరమైంది. అరిగిపోయిన ఆ కాలానికి సాక్ష్యంగా గీత మాత్రమే మిగిలింది. భూవిజ్ఞానులు దీనిని జాతీయ స్మారకంగా గుర్తించారు. ఆలయానికి చేరువలో ఉన్న శిలాతోరణం కూడా గాలీ నీరూ చెక్కినదే. రాతిని చదవడం నేర్చినవారికి ఇంతకంటె పెద్ద గ్రంథం దొరకదని నా అభిప్రాయం.

ఇక చెట్లు. మొసలి చర్మంలా పలకలు పలకలుగా పగిలిన నల్లని బెరడు కనిపిస్తే అది ఎర్రచందనం. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ చెట్టు సహజంగా పెరగదు. పేరులో చందనమున్నా దీనికి పరిమళం లేదు. ఉన్నది రంగే; ఆ రంగే దానికి శత్రువై, దొంగల గొడ్డళ్ళను అడవికి రప్పించింది. వేసవిలో ఆకు రాల్చి నిలిచిన ఈ చెట్లను చూసి అడవి ఎండిపోయిందని జాలిపడేవారున్నారు. అది నీటిని పొదుపు చేసుకొనే ఉపాయం. గడ్డి పెరిగే వాలులలో ఈతచెట్టును పోలిన ఒక సైకస్ మొక్క ఉంది. ఈ కొండల పరిసరాలే దాని పుట్టిల్లు. బెడ్డోమ్ అనే ఆంగ్లేయ అధికారి పేరు దానికి నిలిచింది.

జంతువుల విషయంలో యాత్రికుడు అత్యాశ పెట్టుకోరాదు. చిరుత, ఎలుగుబంటి, రేసుకుక్క, కణితి, దుప్పి, నాలుగు కొమ్ముల కొండగొర్రె, దేవాంగపిల్లి ఇక్కడ ఉన్నమాట నిజమే. కాని అవి వాహనాల రొదకు దూరంగా మసలుతాయి. పగటివేళ కొండచరియలపై పసుపు గొంతు పికిలిపిట్ట కనిపిస్తే అదృష్టమే. ఏడుకొండల పేర్లలో శేషుడు, గరుడుడు, వృషభం ఉన్నారు. పాము, పక్షి, పశువు లేకుండా ఈ కొండలకు పేర్లయినా పెట్టలేకపోయారు మన పూర్వులు!

దిగేదారి మలుపుల మయం. మలుపు మలుపునా కోతులు గోడలపై కూర్చుని ఆగే కారుకోసం ఎదురుచూస్తుంటాయి. అరటిపండు విసరడం పుణ్యమని భావించేవారు, అది కోతికి అడవిలో మేత వెదికే అలవాటును మాన్పిస్తున్నదని ఎరుగరు. పారవేసిన ఆహారానికి కుక్కలు, అడవిపందులు చేరుతాయి. వాటికోసం చిరుత వస్తుంది. మోకాలిమెట్టు సమీపాన అలిపిరి కాలిబాట కొంతదూరం ఈ దారి పక్కనే సాగుతుంది. ఆ కాలిబాటలోనే 2023 ఆగస్టులో తల్లిదండ్రులతో కొండెక్కుతున్న ఆరేళ్ల బాలిక చిరుత దాడిలో మరణించింది. ఆ తరువాత బోనులు పెట్టి కొన్ని చిరుతలను పట్టారు. నడిచివెళ్ళేవారి చేతికి కర్రలిచ్చారు. పిల్లలను మధ్యాహ్నం దాటాక ఆ దారిన అనుమతించలేదు. ఆ తల్లిదండ్రుల దుఃఖానికి ఏ వివరణా ఓదార్పు కాదు. అయితే చిరుతను మాత్రమే దోషిగా నిలబెట్టి, దానిని బాట దాకా రప్పించిన ఎంగిలి పొట్లాలను మరచిపోవడం న్యాయం కాదు.

1870లో బెడ్డోమ్ ఈ కొండలలోనే ఒక బల్లిని గుర్తించి లోకానికి తెలియజేశాడు. అదే బంగారు బల్లి. పగలంతా చల్లని రాతి చీలికలలో దాగి, గుడ్లను గుహల కప్పుకు అతికించి పెడుతుంది. సంతానోత్పత్తి కాలంలో మగబల్లి మేలిమి పసిడి వన్నెకు తిరుగుతుంది. చీకటి పడ్డాక అది బిగ్గరగా కూస్తుంది. దిగివచ్చే బస్సుల మోతలో ఆ కూత బాట మీది వారికి వినిపించదు.

అభ్యాసం
1. శేషాచల శిలల నడుమ గల గీత ఎట్లా ఏర్పడింది?
2. 'ఆ రంగే దానికి శత్రువై' – సందర్భాన్ని వివరించండి.
3. వన్యమృగాలు మానవ మార్గాలకు చేరువ కావడానికి రచయిత చూపిన కారణాలేవి? వాటితో మీరు ఏకీభవిస్తారా?